రంగుల్లేని కెమెరాకు ఎర్ర ఫిల్టరు

అక్టోబర్ 6

ఇందుమూలముగా చంద్రగిరి మెయిన్ రోడ్డులోని మోహన కలర్ స్టూడియో పరిధిలో నివసించు, సంచరించు, ఊరికే కూర్చుని గాలి పీల్చు సమస్త ప్రాణికోటికీ తెలియజేయడమేమనగా: నేటి నుండి ఎవరి టీ గ్లాసు వారే కడుక్కోవలెను. కిటికీ పక్కన ఉన్న ఎర్ర కుర్చీ యజమాని చిన్నబ్బ గారి పిర్రలకు మాత్రమే చెందును. ఫ్యాను ఆయన వైపే తిరుగును. ఈ శాసనాన్ని మీరినవారు సొంత బామ్మర్ది అయినప్పటికీ వారిని లైటు స్టాండుకు కట్టి పాస్‌పోర్టు సైజు ఫోటో తీయబడును.

దీన్ని ప్రింటు తీసి గోడకు అంటించాను. బామ్మర్ది మునిచంద్ర చదివాడు. నవ్వలేదు. తన గ్లాసుతో పాటు నాది కూడా కడిగి బోర్లించి వెళ్ళాడు. వాడితో ఇదే తంటా. ఎంత తిట్టినా ఎక్కడా తగలదు.

కోపం గ్లాసు మీద కాదు. నిన్న వాడు చెన్నై పోయి ఒక కెమెరా తెచ్చాడు. అది నలుపు తెలుపు మాత్రమే తీస్తుంది. చెడిపోయి కాదు, అట్లాగే తయారు చేశారట. దానికోసం తన భాగానికి వచ్చిన మామిడితోట అమ్మేశాడు. తోటంతా పెట్టి కొన్న పెట్టెకు, ఆ తోటలో కాసిన కాయ మాగిందో లేదో రంగు చూసి చెప్పడం చేతకాదు.

అక్టోబర్ 7

పొద్దున అంగడి తెరవగానే అడిగాను.

"రంగు పీకేసినందుకు ధర తగ్గించాల కదరా ముని?"

"జాస్తి బావా."

"మసాలా దోశలో మసాలా తీసేసి దోశకు ఎక్కువ అడిగినట్టుండాది."

"అట్ల కాదు బావా. మామూలు కెమెరాలో ఒక్కో చుక్క మీద ఒక్కో రంగు అద్దం అడ్డం ఉంటాది. ఎరుపు, పచ్చ, నీలం. వచ్చే వెలుతురులో చానా భాగం ఆడ్నే ఆగిపోతాది. దీంట్లో ఆ అడ్డమే లేదు. వచ్చిందంతా లోపలికి పోతాది. మొగంలో ఒక్కో వెంట్రుక విడిగా కనపడతాది."

"నా మొగంలో వెంట్రుకలు లెక్కబెట్టమని నిన్నెవుడు అడిగినాడ్రా?"

"మామూలు కెమెరాలో తీసి తర్వాత నలుపు తెలుపు చేసుకోవచ్చు. కానీ తీసేటప్పుడు కన్ను రంగుల ఎనకాలే పోతాది బావా. దీంతో తీయాలంటే ముందు మనం రంగు సూడ్డం మానుకోవాల. నేను మానుకుంటా ఉండాను."

ఈ మాట రాసి పెట్టుకుంటున్నాను, ఎప్పుడైనా ఎత్తిపొడవడానికి పనికొస్తుంది. ఇరవై ఏళ్లుగా ఈ అంగడి రంగుల మీద బతికింది. పెండ్లికూతురి చెంపకు గులాబి, పెండ్లికొడుకు వెనక మంచుకొండ, ఆ కొండ మీద నెమలి. పదో తరగతి తప్పినవాణ్ణి, అయినా నా నెమలిని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్న అత్తలున్నారు. వీడు రంగు చూడ్డం మానుకుంటాడట.

అక్టోబర్ 11

ముని భోజనానికి పోయినప్పుడు వాడి బల్ల మీద ఒక బోర్డు పెట్టాను: 'ఇచ్చట పోయినవాళ్ల ఫోటోలు మాత్రమే తీయబడును. ఉన్నవాళ్లు దయచేసి పోయి రావలెను.' రేషన్ కార్డుకు ఫోటో కోసం వచ్చిన ఒకామె చదివి దండం పెట్టి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇంకొకటి. వంటింట్లోంచి ఒక ఎండుమిరపకాయ, ఒక పచ్చిమిరపకాయ తెచ్చి తెల్లకాగితం మీద పెట్టి తీయమన్నాను. తీశాడు. రెండూ ఒకే బూడిద రంగు.

"ఏది ఎండిందో సెప్పరా. మామిడితోట కెమెరాను అడుగు."

వాడు డబ్బీలోంచి ఎర్రటి గుండ్రటి అద్దం తీసి లెన్సుకు తిప్పి బిగించాడు. ఫిల్టరు అంటారు. మళ్ళీ తీశాడు. ఈసారి ఎండుమిరప తెల్లగా, పచ్చిమిరప నల్లగా వచ్చాయి. ఎర్ర అద్దంలోంచి చూస్తే ఎర్రటివన్నీ, పసుపు కూడా తెల్లబడతాయట, నీలం, ఆకుపచ్చ నల్లబడతాయట. ఆకాశం నల్లబడి మబ్బులు పాలపొంగులా లేస్తాయట. కెమెరా తెరలో అంతా నలుపు తెలుపే కాబట్టి, అద్దం ఉందో లేదో తెర చూసి చెప్పలేం.

నా పెండ్లాం మోహన వచ్చి రెండు మిరపకాయలూ లాక్కుంది. "ఆ బిడ్డ జోలికి పోకుండా నీకు అన్నం సయించదా?" అని అడిగింది. బిడ్డంట. నలభై దాటినవాడు.

అక్టోబర్ 15

మధ్యాహ్నం కునుకు తీస్తుంటే నా ఫోటో తీశాడు. ప్రింటు వేసి ఎర్ర కుర్చీలో పెట్టిపోయాడు. నోరు తెరుచుకుని, గడ్డం మాసిపోయి, మెడ దగ్గర చర్మం ముడుచుకుని ఉన్నాను. పళ్ళ మీది వక్కాకు గార మాత్రం కనిపించడం లేదు, రంగు లేదు కదా. మనిషి నేను కాదు. మా నాయన. మా నాయనకు ఒక్క ఫోటో కూడా లేదు.

చించి పారేశాను.

అక్టోబర్ 19

అంగడి తాళం నా దగ్గరే ఉంటుంది కాబట్టి దీన్ని దొంగతనం అనరాదు. పొద్దున్నే ఆ కెమెరా తీసుకుని కోట వైపు నడిచాను. ఎక్కడ తప్పు దొరుకుతుందో చూద్దామని.

పాత గోడ మీద ఎండ పక్కవాటంగా పడుతోంది. రాళ్ళ మధ్య సున్నం, సున్నంలో పగులు, పగులులో చీమ. కింద ఒక బర్రె. బర్రె వీపు మీద తడి. ఇన్నాళ్ళూ బర్రె నల్లగా ఉంటుందనుకున్నాను. ఉండదు. దాని వీపు మీద పొద్దున పూట ఎన్ని వెలుతురులున్నాయో చెప్పడానికి నా దగ్గర మాటలు లేవు. ఏ రంగు దిద్దాలి, చెంపకు ఏమి పూయాలి, వెనక ఏ కొండ అతికించాలి అన్న గోల బుర్రలోకి రాలేదు. ఎండ పైకెక్కేదాకా అక్కడే ఉన్నాను.

నచ్చలేదు. బరువు ఎక్కువ.

ఫోటోలు చెరిపేసి పెట్టేశాను. బర్రె ఒకటి చెరపడం మరిచిపోయాను.

అక్టోబర్ 27

చెనిక్కాయల నూనెమిల్లు జయరావు అన్న వచ్చాడు. ఆయన షష్టిపూర్తి. భార్య జ్ఞానాంబ వదినతో కలిపి పెద్ద పటం కావాలట, మండపంలో అందరి ముందూ తెర తీయడానికి.

నేను నెమలి ఆల్బం తెరిచాను. ఆయన దాన్ని పక్కకు నెట్టి గోడ మీది బర్రెను చూశాడు. ముని దాన్ని ప్రింటు వేసి తగిలించి ఉన్నాడు, ఎవరు తీశారని అడగకుండా.

"ఇట్లాంటిది తీస్తావా ముని? మా నాయన కాలం పటం మాదిరి ఉండాల."

"తీస్తానన్నా."

"బర్రె మాదిరిగానే తీస్తాడు, దిగులు పడొద్దన్నా" అన్నాను. జయరావు అన్న నవ్వాడు. ముని నవ్వలేదు. నావైపు చూశాడు, బర్రె నాదని తెలిసినట్టు.

నా అంగడిలో, నా గోడ మీద, నా బర్రె వాడికి బేరం తెచ్చింది.

నవంబర్ 2

కోటకు ఎదురుగా చేనిగట్టు మీద ముని ఆ ఇద్దరినీ తీశాడు. మొగాల మీదికి వెలుతురు మళ్ళించే వెండి గుడ్డ గొడుగు నేను పట్టుకున్నాను. తుఫాను తర్వాతి ఆకాశం, మబ్బులు బాగున్నాయి. అంతే.

నవంబర్ 9

మండపంలో కాలు పెట్టే చోటు లేదు. దండలు మార్చుకున్నారు. పటం చెన్నై ల్యాబు నుంచి పొద్దునే వచ్చింది, అట్టపెట్టె విప్పి నేరుగా వేదిక మీద పెట్టారు. జయరావు అన్న అక్క దేవకమ్మ తెర లాగింది.

మొదట అందరూ ఆహా అన్నారు. నల్లటి ఆకాశం, దాంట్లో కొండంత తెల్లమబ్బు, ముందు ఇద్దరు మనుషులు.

తర్వాత అందరి చూపులూ మబ్బు నుంచి కిందికి దిగాయి.

జ్ఞానాంబ వదినకు నుదుట బొట్టు లేదు. ఆ రోజు ఆమె కట్టింది ఎర్ర పట్టుచీర, నేను కళ్ళారా చూశాను. పటంలో అది తెల్లచీర. మెడలో పసుపుతాడు కూడా తెల్లదారం. తెల్లచీర, ఉత్త నుదురు, పటం పక్కన బతికున్న మొగుడు, ఆయన మెడలో ఇప్పుడే వేసిన దండ.

"ఎవుడ్రా ఇది తీసింది?" అంది దేవకమ్మ. "నా తమ్ముడు నిలబడుండంగానే నా మరదలి బొట్టు తుడిసిందెవుడు?"

ముని వేదిక కింద నిలబడి పటం వైపే చూస్తున్నాడు. ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు.

"రేపటికి బొట్టు దిద్ది తెస్తానక్కా" అన్నాడు.

"తుడిసేసి మళ్ళా పెడతావా? అది నీ చేతిలో పనా? నీ చెయ్యి తగిలితే శుభం యాడుంటాది?"

జయరావు అన్నకు చెమటలు పట్టాయి. కూర్చోబెట్టి విసిరారు. పురోహితుడు గొంతు పెంచి మంత్రం అందుకున్నాడు. భోజనాల దగ్గర ఎవరూ మునికి ఆకు వేయలేదు.

నేను పాయసం రెండోసారి వేయించుకున్నాను.

నవంబర్ 10

రాసేస్తున్నాను. ఇంకెక్కడ చెప్పను?

ఆ ఫిల్టరు తగిలించింది నేనే. ముని మబ్బుల కోసం ఒకటి రెండు తీసుకుని, ఫిల్టరు తీసి సంచి మీద పెట్టి, బోరు దగ్గరికి నీళ్ళు తాగడానికి పోయాడు. నేను గొడుగు కింద పెట్టి దాన్ని తిప్పి బిగించాను. వాడొచ్చి మొగుడూ పెళ్ళాల ఫోటో తీశాడు. తెరలో ఏం తెలుస్తుంది, అంతా నలుపు తెలుపే కదా. నా జన్మలో చేసిన తుంటరి పనులన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. మామిడితోట కెమెరాను మిరపకాయ విద్యతో పడగొట్టాను.

వాడంతట వాడు పడితే అందులో నా గొప్పేముంది?

నవంబర్ 14

పాతపేటలో బారసాల ఉంది, మునికి చెప్పి ఉన్నారు. ఈ రోజు ఫోన్ చేసి వద్దన్నారు. కొర్లగుంట పెండ్లివాళ్ళు అంగడికే వచ్చారు.

"నువ్వే రా చిన్నబ్బా. నీ బామ్మర్ది మాత్రం వద్దప్పా. తప్పుగా అనుకోవాకు."

తప్పుగా ఎందుకు అనుకుంటాను? టీ తెప్పించి ఇచ్చాను. అందరి గ్లాసులూ ముని కడిగాడు.

వాళ్ళు పోయాక మోహన నా ముందు నిలబడింది.

"ఏమయ్యా, ఇది నీ పని కాదు గదా?"

"ఏది?"

"నీకు తెలుసు ఏదో."

"గమ్మునుండు మోహనా, ల్యాబుకు ఫైళ్ళు పంపాల."

ఆమె అట్లా అడిగినప్పుడు, నిజం చెప్తున్నాను, ఒళ్ళు పులకరించింది. ఇంత పెద్ద పని నేను చేయగలనని నా పెండ్లాం నమ్మింది.

నవంబర్ 16

ముని కెమెరా ముట్టుకోవడం లేదు. సంచి మీద దుమ్ము. తుడుద్దామనుకుని తుడవలేదు. నాకెందుకు?

నవంబర్ 18

ముని చెప్పాడు, నాయుడుపేట పోతున్నాడట. అక్కడి ఒక కంపెనీలో గుర్తింపు కార్డులకు ఫోటోలు తీసే పని.

"గోడకు నిలబెట్టి మొగాలు తీయాలంట బావా. బొట్టున్నా లేకున్నా ఆడ ఎవురికీ పట్టదు."

"పో. మంచి పని. ఫ్యాను గాలంతా నాకే."

వాడు కాసేపు తన కుడిచేతిని చూసుకున్నాడు. కొత్తగా కొన్న వస్తువును చూసినట్టు.

"ఒక్కటే తెలీడం లేదు బావా. మబ్బులకని ఫిల్టరు తగిలించినానా, వాళ్ళిద్దరినీ నిలబెట్టే ముందు తీసినాననే అనుకుంటా ఉండాను. తీసినట్టు చెయ్యి చెప్తాది. పటం తీయలేదంటాది. ఆ తర్వాత కంప్యూటర్లో ఎన్ని తూర్లు సూసినా బొట్టు లేదని నాకు తోచలేదు. రంగు సూడ్డం మానుకుంటానంటిని కదా, మానుకున్నాను. అట్లాంటి కంటిని పట్టుకుని ఇంకొకరి పెండ్లికి ఎట్ల పోయేది?"

ఎత్తిపొడవడానికి రాసి పెట్టుకున్న మాట అది. ఇదే సమయం. లేచి ఫ్యాను వాడి వైపు తిప్పాను.

వాడు పోయాక, పరుపు కింద దాచుకున్న నా ఫోటో తెచ్చుకుని ఎర్ర కుర్చీలో కూర్చుని చూశాను. చించానని రాశాను కదా. చించలేదు. ముడుతల్లో ఒక్కటీ వదలకుండా తీశాడు, దొంగ వెధవ. మా నాయన బతికుండగా నేను ఆయనను అంత జాగ్రత్తగా చూసిన పాపాన పోలేదు.

నవంబర్ 19

ఎట్లా జరిగిందో మళ్ళీ ఒకసారి సరిగ్గా రాసుకోవాలి. ముని ఫిల్టరు తీసి డబ్బీలో పెట్టాడు. వంగి బూటు దారం కట్టుకుంటున్నాడు. నేను డబ్బీ తెరిచి తీసి బిగించాను. పోయినసారి నీళ్ళు తాగడానికి పోయాడని రాశాను. బూటు దారమే మేలు. బోరు దూరం.

నవంబర్ 21

జయరావు అన్న ఇంటికి పోయాను. వసారాలో దేవకమ్మ చేటలో కందిపప్పు చెరుగుతోంది. జయరావు అన్న పేపరు చదువుతున్నాడు.

"అన్నా, ఆ ఎర్ర అద్దం ముని తగిలించలేదు. వాడు తీసి పెట్టినాడు. వాడు వంగి బూటు కట్టుకుంటా ఉంటే నేను మళ్ళా తగిలించినాను. నవ్వులాటకు."

చేట కింద పడింది.

"నవ్వులాటకా! నీ నోట్లో మన్ను బడ! నవ్వులాటకు బొట్టు తీసేస్తావా? నీ చేతులు ఇరిగిపోను! ఆ అమాయకప్పిలకాయను ఊరంతా ఉమ్మేస్తా ఉంటే ఇన్నాళ్ళు సూస్తా కూసున్నావా?"

"సూస్తా ఉంటినక్కా. బాగుండె."

అంతకు మించి అబద్ధం ఆడకుండా ఉండాల్సింది. ఆ మాటతో ఆమె చెంబు విసిరింది. మోకాలికి తగిలింది.

జయరావు అన్న అరవలేదు. పేపరు మడిచాడు.

"నా పెండ్లప్పుడు నా చెప్పు తీసుకపోయి ఎద్దు కొమ్ముకు కట్టినావు. మేళగాళ్ళు కూడా వాయించేది ఆపి నవ్వినారు. నేనూ నవ్వినాను. ఇప్పుడు నవ్వు రాలేదప్పా చిన్నబ్బా. ఇంక నువ్వు నా గడప తొక్కొద్దు. మునిని రమ్మను. మా పెద్దోడి గృహప్రవేశానికి వాడే తీయాల."

ఎంత సులభంగా నమ్మారు! నిజం చెప్పడానికి పోయిన రోజుల్లో కూడా ఇంత బాగా నమ్మలేదు నన్ను.

గేటు దాకా జ్ఞానాంబ వదిన వచ్చింది. నుదుట రూపాయంత బొట్టు. ఇప్పుడు ఇంకా పెద్దది పెట్టుకుంటోంది.

"ఆ పటాన్ని పారెయ్యలేదు చిన్నబ్బా. బియ్యం డ్రమ్ము ఎనకాల పెట్టుకోనుండాను. మా వదినకు చెప్పొద్దు. ఎవురూ లేనప్పుడు సూసుకుంటాను. నా మొగం అంత బాగుంటాదని నాకు తెలీదు. బొట్టు లేదన్నారే గానీ ఒక్కరన్నా నా మొగాన్ని సూసినారా?"

"నేను సూసినాను వదినా."

"నువ్వు తగిలించినాననేది నాకు నమ్మకం లేదు. నువ్వే చేసుంటే ఎనక నెమిలి ఉండేది."

కుంటుకుంటూ వచ్చేశాను.

నవంబర్ 22

మునికి చెప్పాలి. ఊరికి చెప్పడం కంటే ఇది కష్టం. బూటు దారం. డబ్బీ. గొడుగు కింద పెట్టడం. వరస తప్పకూడదు.

నవంబర్ 23

నేను చెప్పకముందే ఊరు చెప్పేసింది. వాడు సంచి సర్దుకుంటున్నవాడల్లా ఆపి నా ఎదురుగా నిలబడ్డాడు.

"నిజమా బావా?"

"నిజమేరా. నువ్వు ఫిల్టరు తీసినావు. డబ్బీలో పెట్టినావు. నీ చెయ్యి సరిగ్గానే చెప్తా ఉండాది. నువ్వు వంగి బూటు దారం కట్టుకుంటా ఉంటే నేనే..."

"తీసినాను గదా?"

"తీసినావు."

"నేను తీసినాను." గాలి లోపలికి పీల్చుకున్నాడు. మబ్బు తొలగినట్టు వాడి ముఖం తేటపడింది. అది చూడ్డానికి బాగుంది, ఒక్క క్షణం. తర్వాత ఆ తేట ముఖంతోనే నన్ను చూశాడు.

"నా చేతిని నేనే నమ్మకుండా చేసినావు గదరా."

రా అన్నాడు. పెండ్లయిన నాటి నుంచి వాడి నోట బావా అన్న పిలుపు తప్ప వినలేదు. నన్ను కొట్టలేదు. ఎర్ర కుర్చీ తీసుకుపోయి రోడ్డు మీద పెట్టి వచ్చాడు.

మోహన వాకిట్లో నిలబడి అంతా విన్నది. ఆ రోజు అడిగితే గమ్మునుండమన్నాను కదా, ఈ రోజు గమ్మునే ఉంది.

నవంబర్ 26

అన్నం వేడిగా లేదు.

డిసెంబర్ 1

ముని నాయుడుపేట పోలేదు. గృహప్రవేశం వాడే తీశాడు, వాళ్ళడిగినట్టు రంగుల్లో. కొర్లగుంట పెండ్లివాళ్ళు కూడా నన్ను వద్దని వాడికి చెప్పారు. ఖాళీ ఉన్నప్పుడల్లా నలుపు తెలుపు పెట్టె తీసుకుని కోట వైపు పోతున్నాడు. దాని మీద దుమ్ము లేదు. ఫిల్టరు బిగించే ముందు ఒకసారి, తీశాక ఒకసారి, పైకి మాట అనుకుంటాడు: "తగిలించినాను", "తీసినాను". పక్కగదిలోంచి వినిపిస్తుంది.

అంగడిలో ఇప్పుడు తలుపు దగ్గర స్టూలు నాది. వచ్చినవాళ్లు నన్ను దాటుకుని లోపలికి పోతారు. పాలు పోసే ఆమె కూడా చెంబు దూరంగా పెట్టి పోస్తోంది. గోడ మీది నా శాసనం కింద ఇంకో కాగితం ఉంది, ముని చేతిరాత: 'చిన్నబ్బ కెమెరాలు ముట్టరాదు.' గారు లేదు. బర్రె ఫోటో మాత్రం తీసేయలేదు. అది నాదని వాడికి తెలుసు. తీసేయలేదు.

నా గ్లాసు నేనే కడుక్కుంటున్నాను.

నవ్వు రావాల్సిన చోట రావడం లేదు కాబట్టి, లెక్క తేల్చేస్తాను. ఈ కాగితం మీద తప్ప ఇంకెక్కడా తేల్చను. ఇంత చేసి ఇప్పుడు పాడు చేసుకోవడానికి నేను పదో తరగతి తప్పానే గానీ పిచ్చివాణ్ణి కాను.

ముని ఆ రోజు బూటు వేసుకోలేదు. చేనిగట్టు బురద, వాడివి రబ్బరు చెప్పులు. నీళ్ళు తాగడానికీ పోలేదు. మబ్బులకని ఆ ఎర్ర అద్దం తగిలించాడు, తీయడం మరిచాడు, అంతే. నేను దాన్ని ముట్టనే లేదు. రెండు చేతులతో గొడుగు పట్టుకుని, ఆ తెల్లమబ్బు కెమెరాలో ఎట్లా పడుతుందో అని నోరు తెరుచుకుని చూస్తూ నిలబడి ఉన్నాను.